అడవి నీరు, క్లోరిను మందు

పాల్వంచ నుండి దమ్మపేటకు పోవు మార్గమున, టేకు, మద్ది, తునికి, ఇప్ప వృక్షములు దట్టముగా పెరిగిన అడవి యంచున నెలకొన్న ములకలపల్లి మండలము 2016 అక్టోబరు 11 వరకు ఖమ్మము జిల్లాలో నుండి, నాటినుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. ఈ ప్రాంతపు కోయగూడెములలో త్రాగునీటి చరిత్ర యంతయు మూడు దశలలో ఇముడును: మొదటిది వాగు ఇసుకలో త్రవ్విన చెలమ, రెండవది చేతిపంపు బోరు, మూడవది భగీరథ నల్లా. వేసవిలో వాగు ఇంకినచోట మోకాలిలోతు ఇసుకను చేతులతో తోడి, తొలుత ఊరిన మడ్డినీటిని చిప్పతో రెండుమూడు మారులు పారబోసి, పిదప మెల్లగా ఊరి తేరిన నీటిని బిందెలోనికి ముంచుకొను స్త్రీలు, ఇసుకయే వడపోత యని ఏ గ్రంథమునందును చదువకయే ఎరిగినవారు. అయినను ఇసుక మడ్డినే ఆపగలదు గాని, ఎగువన పశువులు దిగిన మడుగునుండి వచ్చు క్రిములను పూర్తిగా ఆపజాలదు. బోరు వచ్చిన తరువాత ఆ భయము కొంత తగ్గెను. కాని కొన్ని బోర్లలో ఇనుము, కొన్నింట ఫ్లోరైడు, మరికొన్నింట పప్పు ఉడుకనీయని చవుడు తోడయ్యెను. 2016 ఆగస్టు 7న గజ్వేలు చెంత కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకము, గ్రామమున మనిషి యొక్కనికి దినమునకు 100 లీటర్ల వంతున, నదులనుండియు జలాశయములనుండియు గ్రహించి శుద్ధిచేసిన నీటిని గొట్టముల ద్వారా ఇంటింటికి చేర్చు సంకల్పముతో వచ్చినది. ఈ మూడవ దశలో జరిగిన గొప్ప మార్పు ఒకటి కలదు. దానిని గూర్చి మనము తగినంతగా ఆలోచింపలేదు. భూగర్భజలమును విడిచి మనము ఉపరితల జలమునకు వచ్చితిమి. అనగా రాతిపొరలలో నిలిచిన నీటిని విడిచి, అడవి గుండ, పొలముల గుండ, ఊళ్ల గుండ పారివచ్చిన నీటిని త్రాగుచున్నాము. ఆ నీటిలో ఆకు ఉన్నది.

ఆకు అని తేలికగా అనుకొనరాదు. శీతకాలము చివర మొదలుకొని వేసవి నడిమి వరకు ఈ అడవులలో రాలిన ఆకు, ఎండకు పెళుసెక్కి నేలనెల్ల కప్పియుండి, మృగశిర కార్తె వానలకు తడిసి, నాని, బూజుపట్టి, చివుకును. టేకు లేతాకును అరచేత నలిపి చూచినవారికి తెలియును, వ్రేళ్లకు అంటిన ఎరుపు ఎంత కడిగినను ఒక పట్టాన వదలదు. అటువంటి వన్నెలు, వగరులు, ఇంకను పేరులేని వేలకొలది కర్బన సమ్మేళనములు సూక్ష్మజీవుల చేతిలో విరిగి, మరల ఒకదానితో నొకటి కలిసి, రసాయనజ్ఞులు హ్యూమిక్, ఫల్విక్ ఆమ్లములని పిలుచు పదార్థములుగా మారి నీటిలో కరగిపోవును. తొలి వరదకు వాగు టీ డికాషను వన్నెతో దిగుటకు మట్టి యొక్కటే కారణము కాదు. ఆ వన్నెలో కరగిన అడవి కూడ ఉన్నది. ఈ పదార్థములు స్వతస్సిద్ధముగా విషములు కావు. తరతరములుగా మనుష్యులును మృగములును ఆ నీటినే త్రాగి బ్రదికినారు. ఆ నీటిలో క్లోరిను పడిన క్షణముననే కథ మారును.

క్లోరిను ఏల వేయవలసివచ్చినదో మరచిపోరాదు. తెలంగాణ పల్లెలలో గత్తర అను మాట నేటికిని వృద్ధుల నోట వినబడును. వాంతులు, విరేచనములు పట్టి తెల్లవారులోపల ఇంటికి ఇల్లు ఖాళీయైన దినములను ఆ మాట జ్ఞప్తికి తెచ్చును. బెల్జియమున మిడిల్‌కెర్క్ పట్టణము 1902లోను, అమెరికాలో జెర్సీ నగరము 1908లోను త్రాగునీటికి నిత్యము క్లోరిను కలుపుట ఆరంభించినపిమ్మట, కలరా, టైఫాయిడ్ జ్వరములు నగరములనుండి వెనుదిరుగుటకు అదియొక ముఖ్యకారణమయ్యెను. క్రిములు గలిసిన నీటి కీడు ఇంకను గతించినది కాదని 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూరునందును, 2018 మార్చిలో గుంటూరునందును మరల తెలిసివచ్చినది. రెండు చోట్లను మురుగు కలిసిన కొళాయినీటిని త్రాగి జనులు మరణించిరి. ఈ మరణములను ముందు పెట్టుకొనకుండ క్లోరిను దోషములను గూర్చి వ్రాయుట న్యాయము కాదని నా నమ్మకము.

గ్రామమున ఈ కార్యము ఎట్లు జరుగునో దగ్గరగా చూచినచో విషయము సుబోధమగును. మంచి బ్లీచింగ్ పౌడరులో క్రొత్తగా నున్నప్పుడు సుమారు 33 శాతము క్లోరిను లభించును. సంచి మూతి తెరచి, తేమగల గదిలో పడవేసినచో వారములలోనే దాని సత్తువ తరుగును. తేటనీటికి వేయి లీటర్లకు రెండున్నర గ్రాముల వంతున, 40 వేల లీటర్ల ట్యాంకునకు 100 గ్రాముల పొడి చాలును. దానిని మొదట కొద్దినీటితో ముద్దగా కలిపి, బకెట్టునిండ నీరుపోసి త్రిప్పి, సున్నము అడుగున దిగువరకు ఆగి, పైతేటను మాత్రమే ట్యాంకులో పోయవలెను. పోసిన అరగంట వరకు నీరు వదలరాదు. పిదప వీధి చివరి నల్లావద్ద చిన్న గాజుగొట్టములో నీరుపట్టి, పరీక్షమందు చుక్కలు వేసినయెడల లేతపసుపు రంగు రావలెను. ఆ పసుపు భారతీయ ప్రమాణము ఐఎస్ 10500 కోరినట్లు లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాముల శేష క్లోరినును సూచించినచో, ఆ నీటికి దారిలో రక్షణ ఉన్నదని అర్థము. రంగు రాకున్నచో రెండు కారణములు: పొడి సత్తువ లేనిదై యుండవలెను, లేదా నీటిలోని మలినమే క్లోరినును మ్రింగియుండవలెను. ఈ రెండవ సందర్భముననే పనివారు సామాన్యముగా మరికొంత పొడి వేయుదురు. అది వారి తప్పు కాదు. వారికి నేర్పినది అంతే. కాని మ్రింగబడిన క్లోరిను ఎక్కడికి పోయినదను ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

నీటిలో కరగిన క్లోరిను హైపోక్లోరస్ ఆమ్లమగును. క్రిముల పొరలను ఛేదించి లోని జీవక్రియను చెరచునది ఇదియే. నీటి పీహెచ్ 7.5 దాటిన కొలది ఇది బలహీనమైన అయానుగా మారుచుండును గనుక క్షారజలమున క్లోరిను మందగించును. అయితే హైపోక్లోరస్ ఆమ్లమునకు క్రిమి యని, ఆకుసారమని విచక్షణ లేదు. హ్యూమిక్ పదార్థపు పెద్ద అణువును తాకి, అందలి ఉదజని స్థానమున క్లోరినును నిలుపుచు, అణువును ముక్కలు చేయుచు పోగా, చివరకు ఒక కర్బన పరమాణువునకు మూడు క్లోరినులు అంటిన చిన్న అణువు విడివడును. అదియే క్లోరోఫారం. నీటిలో బ్రోమైడు లవణము కొంచెము ఉన్నచో క్లోరిను స్థానమున బ్రోమిను చేరి, బ్రోమోడైక్లోరోమీథేన్, డైబ్రోమోక్లోరోమీథేన్, బ్రోమోఫారం పుట్టును. ఈ నాలుగింటికిని ట్రైహాలోమీథేన్‌లని సమష్టినామము. వీనితోపాటు హాలోఎసిటిక్ ఆమ్లములును, ఇంకను వందలకొలది క్రిమిసంహారక ఉపోత్పన్నములును నీటిలో చేరును.

ఈ విషయమును మొదట పట్టుకొన్నవాడు హాలండు దేశపు రోటర్‌డామ్ జలసరఫరా సంస్థలో పనిచేసిన యోహానెస్ రూక్ అను రసాయనజ్ఞుడు. బీరు పరిశ్రమలో పూర్వానుభవము గలవాడగుటచే, ద్రవముపై తేలు ఆవిరిని గ్రహించి వాయు వర్ణలేఖన పద్ధతిచే పరీక్షించు నేర్పు ఆయనకు కలదు. నదినీటిలో కానరాని క్లోరోఫారం, క్లోరిను కలిపిన తరువాత నీటిలో కానవచ్చుట ఆయన గమనించి, నీటికి రంగునిచ్చు హ్యూమిక్ పదార్థములే దీనికి మూలమని 1974లో ప్రకటించెను. అదే సంవత్సరమున అమెరికా పర్యావరణ సంస్థలో బెల్లర్, లిక్టెన్‌బర్గ్ ప్రభృతులు స్వతంత్రముగా ఇదే నిర్ణయమునకు వచ్చిరి. 1976లో అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థ, అధికమోతాదున క్లోరోఫారం ఇచ్చిన ఎలుకలకు మూత్రపిండములందును, చుంచెలుకలకు కాలేయమునందును కంతులు పుట్టినవని వెల్లడించినంతట, నీటి శాస్త్రమున నూతనాధ్యాయము ఆరంభమయ్యెను.

క్లోరోఫారం మన దేశమునకు, ప్రత్యేకించి హైదరాబాదునకు, క్రొత్త పరిచయము కాదు. 1888, 1889 సంవత్సరములలో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ద్రవ్యసహాయముతో, డాక్టరు ఎడ్వర్డ్ లారీ పూనికతో, ఈ మత్తుమందు గుండెకు హానికరమా కాదా అని తేల్చుటకై రెండు హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లు పెద్దసంఖ్యలో జంతువులపై పరీక్షలు జరిపి, ఊపిరిని కనిపెట్టుచు ఇచ్చినచో గుండెకు భయము లేదని తీర్పుచెప్పెను. ఆ తీర్పు నిలువలేదు. స్వల్పమత్తులో సైతము గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగవచ్చునని 1911లో లీవీ అను పరిశోధకుడు నిరూపించెను. ఆనాటి ప్రశ్న నిమిషముల వ్యవధిలో పీల్చిన అధికమోతాదును గూర్చినది. నేటి ప్రశ్న లీటరునకు మైక్రోగ్రాముల లెక్కన నలువదియేండ్లు త్రాగిన అల్పమోతాదును గూర్చినది. మొదటిదానికి ఫలితము బల్లమీదనే కనబడును. రెండవదానికి జీవితకాలము పట్టును. అందుచేతనే ఇచట నిశ్చయము నిదానముగా వచ్చుచున్నది.

శరీరమున చేరిన క్లోరోఫారం కాలేయములో ఫాస్జీను అను దారుణ విషముగా మారి, కణములను చంపును. చచ్చిన కణముల స్థానమున క్రొత్తవి పదేపదే పుట్టవలసివచ్చుటచే కంతి కలుగుటకు అవకాశమేర్పడును. ఈ మార్గమున హాని కలుగుటకు కొంత మోతాదు దాటవలెనని పెక్కుమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయము. బ్రోమిను గల అణువులు వేరువిధమున, కొందరి దేహములలో జన్యుపదార్థమునే చెరచు వస్తువులుగా మారగలవు గనుక వానిని గూర్చిన ఆందోళన ఎక్కువ. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ క్లోరోఫారంను, బ్రోమోడైక్లోరోమీథేన్‌ను మానవులకు క్యాన్సరు కలిగింపవచ్చునను వర్గమున చేర్చినది. క్లోరిను కలిపిన త్రాగునీటిని మొత్తముగా మాత్రము, సాక్ష్యము చాలనందున, 1991లో నిర్ణయింపరాని వర్గముననే ఉంచినది. స్పెయిన్ దేశమున విల్లనుయేవా బృందము 2007లో ప్రకటించిన అధ్యయనమున, దీర్ఘకాలము లీటరునకు సుమారు 50 మైక్రోగ్రాములకు మించిన ట్రైహాలోమీథేన్‌లు గల నీటిని వాడినవారికి, అవి అత్యల్పముగా గల నీటిని వాడినవారికంటె మూత్రాశయ క్యాన్సరు సంభావ్యత సుమారు రెండింతలు కనబడినది. ఐరోపా సమాఖ్యలో మూత్రాశయ క్యాన్సరులలో సుమారు 5 శాతము, అనగా ఏటేట 6,500 వరకు, ఈ పదార్థములకు ఆరోపింపవచ్చునని 2020లో మరియొక బృందము లెక్కగట్టెను. ఇది సంబంధమును చూపు సాక్ష్యము. కారణమును తిరుగులేనట్లు స్థాపించు రుజువు కాదు. గర్భిణుల విషయమున, బిడ్డ తూకము కొంత తగ్గుటను గూర్చిన సూచనలు ఇంకను బలహీనములు.

ఇచట ఒక మాట చెప్పక తప్పదు. మూత్రాశయ క్యాన్సరునకు అన్నిటికంటె పెద్ద కారణము పొగాకు. ములకలపల్లి అడవిలో ఏప్రిల్, మే నెలలలో కూలీలు ఎండనపడి కోసి, కట్టలు కట్టి, కల్లములో ఆరబెట్టు తునికాకే బీడీగా చుట్టబడి ఊపిరిలోనికి పోవును. బీడీ కాల్చుచు నల్లానీటిలోని మైక్రోగ్రాములకు భయపడు మనిషి, పెద్ద అపాయమును వ్రేళ్లసందున పట్టుకొని చిన్నదానిని వెదకుచున్నట్లే.

హద్దులను గూర్చి దేశదేశమునకు భేదము కలదు. అమెరికా 1979లో నాలుగు ట్రైహాలోమీథేన్‌లు కలిపి లీటరునకు 100 మైక్రోగ్రాములని విధించి, 1998లో దానిని 80కి తగ్గించి, ఐదు హాలోఎసిటిక్ ఆమ్లములకు 60 అని చేర్చెను. మన ఐఎస్ 10500, 2012 ప్రతిలో, క్లోరోఫారం ఒక్కదానికే 200, బ్రోమోఫారంకు 100, డైబ్రోమోక్లోరోమీథేన్‌కు 100, బ్రోమోడైక్లోరోమీథేన్‌కు 60 మైక్రోగ్రాములు అనుమతించినది; ప్రపంచ ఆరోగ్య సంస్థ క్లోరోఫారంకు 300 వరకు పోయినది. మన హద్దు సడలుగా నున్నదని నిందించుటకంటె, ఆ హద్దును పల్లెనీటిలో ఎంత తరచుగా కొలుచుచున్నామని అడుగుట మేలని నా అభిప్రాయము.

ఈ పదార్థములు ఏర్పడు తీరు అడవిప్రాంతమునకు ప్రతికూలము. ఆకుసారము ఎంత హెచ్చు, క్లోరిను ఎంత హెచ్చు, నీరు ఎంత వెచ్చన, పీహెచ్ ఎంత అధికము, కలిసియున్న కాలము ఎంత దీర్ఘము, అంతకంతకు ట్రైహాలోమీథేన్‌లు పెరుగును. చలిదేశపు నదిలో గంటలు పట్టు చర్య, మే నెల ఎండకు కాగిన ట్యాంకులో త్వరితముగా సాగును. అన్నిటికంటె గమనింపదగినది కాలము. శుద్ధికేంద్రము విడిచిన నీరు పదులకొలది కిలోమీటర్లు గొట్టములలో నడచి, సంపులలో ఆగి, మార్గమధ్యమున మరల క్లోరిను కలుపుకొని, ట్యాంకునెక్కి, కొసనున్న గూడెమును చేరువరకు, శేష క్లోరిను ఆకుసారముతో పనిచేయుచునే యుండును. ఫలితముగా చివరి గూడెమున క్లోరిను కనిష్ఠముగాను, ట్రైహాలోమీథేన్‌లు గరిష్ఠముగాను ఉండుటకు అవకాశము కలదు. క్రిమినుండి రక్షణ తగ్గినచోటనే రసాయనభారము పెరుగుట, అందును అది తరచు కొండవాలు కోయగూడెమగుట, నాకు మిక్కిలి బాధాకరమైన విషయము.

అయినను క్లోరిను మానుడని చెప్పుటకు నాకు కలము రాదు. 1991లో పెరూ దేశమున చెలరేగిన కలరా, ఆ యొక్క సంవత్సరముననే మూడు లక్షలకు పైబడిన జనులకు సోకి, సుమారు మూడువేల మందిని బలిగొన్నది. క్యాన్సరు భయముచే అధికారులు క్లోరిను మానుటయే దానికి కారణమని కొందరు ప్రచారము చేసిరి; పాతబడిన గొట్టములు, పారిశుద్ధ్యలోపము, దారిద్ర్యము అసలు కారణములని మరికొందరు వాదించిరి. వివాద మెట్లున్నను, క్లోరిను లేని నీటి గుండ కలరా ఎంత త్వరగా దేశమును చుట్టివేయునో ఆ సంవత్సరము చూపినది. క్లోరినునకు బదులు క్లోరమిన్లు, ఓజోను, అతినీలలోహిత కిరణములు కలవు. ఒక్కొక్కదానికి తనదైన ఉపోత్పన్నమో, గొట్టములో రక్షణ నిలువకపోవుటయో లోపముగా ఉన్నది. మన పల్లెకు వానితో ప్రస్తుతము పనిలేదు.

పని యున్నది ఆకును ముందుగా తొలగించుటలో. పటిక తగుపాళ్లలో వేసి, నీటి పీహెచ్ కొంచెము దిగునట్లు చేసి, నెమ్మదిగా కలియబెట్టినచో, హ్యూమిక్ పదార్థములో అధికభాగము పటిక పేటుకలకు అంటుకొని అడుగుకు దిగును. పిదప ఇసుకపడకలపై వడిసి, ఆ తరువాతనే క్లోరిను కలిపినచో ఉపోత్పన్నములు గణనీయముగా తగ్గును. అలా గాక, పాచిని అరికట్టుటకై పచ్చినీటిలోనే ముందుగా క్లోరిను గుమ్మరించుట, ఆకునంతటిని ఒక్కసారి క్లోరినునకు అప్పగించుట యగును. 2022 జూలైలో భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగులెత్తిన దినములవంటి వరదకాలములలో, మట్టియు ఆకుసారమును ఏకముగా పెరుగును. అప్పుడు క్లోరిను మోతాదు పెంచుటకు ముందు పటిక మోతాదును జాడీపరీక్షతో నిర్ణయించుట కర్తవ్యము. మన అడవిలోనే దొరకు ఇండుప గింజను కుండలోపల అరగదీసి బురదనీటిని తేర్చు పాతపద్ధతి మట్టికి మంచిదే. కాని గింజసారము తనవంతు సేంద్రియపదార్థమును నీటిలో విడుచును గనుక, అట్లు తేర్చిన నీటికి క్లోరిను కంటె మరగించుటయే తగినది.

ఇంటివారు చేయగలిగినది కొంత కలదు. మూతలేని గిన్నెలో నీటిని తెర్లనిచ్చి కొన్ని నిమిషములు మరగించినచో క్రిములు చచ్చును. 61 డిగ్రీలకే మరుగు క్లోరోఫారం ఆవిరియై పోవును. హాలోఎసిటిక్ ఆమ్లములలో ఆవిరి కానివి మాత్రము మిగులును. మరగినతరువాత రక్షణయిచ్చు క్లోరినును పోవును గనుక ఆ నీటిని మూతపెట్టి, చేయి ముంచక గరిటెతో తీసుకొనవలెను. బొగ్గుతో చేసిన కార్బను వడపోత ఈ పదార్థములను బాగుగా పట్టును, కాని బొగ్గును గడువులో మార్చనిచో అదియే క్రిములకు నివాసమగును. ఇరువది లీటర్ల డబ్బాలలో అమ్మెడి నీటిలో క్లోరిను తీసివేయబడియుండును. డబ్బా సరిగా కడుగకున్న, ఆ నీటిని కాపాడువా రెవరును లేరు. మూసిన గదిలో వేడినీటి స్నానము చేయువారికి ఆవిరి ద్వారా, చర్మము ద్వారా కూడ కొంత చేరును. దడి చాటున, ఆరుబయట స్నానము చేయు గూడెపువారికి ఆ భయము స్వల్పము.

ఇక మిగిలినది కొలత. క్లోరినును చుక్కమందుతో ఎవరైనను చూడవచ్చును గాని ట్రైహాలోమీథేన్‌లకు వాయు వర్ణలేఖన యంత్రము, శిక్షణపొందిన చేయి కావలెను. అది మండలమున ఉండనక్కరలేదు, నమూనా సక్రమముగా పోయిన చాలును. నమూనాను శుద్ధికేంద్రపు గుమ్మమున గాక, గొట్టము చివరి గూడెపు నల్లావద్ద, ఏటికి ఒక్కమారు వేసవిలో గాక, తొలకరి వరద దిగిన వారమున తీయవలెను. ముదురు గోధుమరంగు గాజుసీసాలో ముందుగా చిటికెడు సోడియం థయోసల్ఫేటు వేసి, క్లోరిను చర్య అక్కడితో ఆగునట్లు చేసి, నీటిని అంచువరకు నింపి, గాలిబుడగ ఒక్కటియు మిగులకుండ బిరడా బిగించి, తలక్రిందులు చేసి చూచి, మంచుపెట్టెలో పెట్టి పంపవలెను. బుడగ మిగిలినచో క్లోరోఫారం అందులోనికి లేచిపోయి లెక్క తప్పును. యంత్రము లేనిచోట, 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని నీరు ఎంత పీల్చుకొనుచున్నదో చూచినను ఆకుసారము ఎంత మిగిలినదో తెలియును. ఈ పరీక్షను శుద్ధికేంద్రములో ప్రతిదినము చేయవచ్చును. వచ్చిన అంకెను శేష క్లోరిను అంకె ప్రక్కనే, తేదీతో, గూడెము పేరుతో, పంచాయతీ గోడమీద వ్రాయించవలెనని నా ప్రార్థన.